వచ్చే ఆదివారం మ్యాచ్ ఉందా?

మా ఇంట్లో ఒక పాత డైరీ మధ్యలో మడతపెట్టిన కాగితం ఉంది. హైదరాబాద్ ఫుట్‌బాల్ లీగ్ ఫిక్స్చర్ జిరాక్స్ కాపీ, అంటే ఏ రోజు ఎవరితో ఎవరు ఆడాలో రాసిన పట్టిక. అన్నిటికన్నా కిందిదైన సి-డివిజన్‌లో మా గ్రూప్‌లో 10 టీములు, ఒక్కో టీముకు 9 మ్యాచ్‌లు. మా మ్యాచ్‌లన్నిటి చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నాలు చుట్టుకున్నాను. ఆ తొమ్మిదిలో మేం ఆడినవి 4. ఐదో మ్యాచ్ రోజు పొద్దున ఆరున్నరకల్లా గ్రౌండ్‌కి వెళ్తే గోల్‌పోస్టులకు నెట్ లేదు, సున్నం గీతలు లేవు, రిఫరీ లేడు. లీగ్ వాయిదా పడిందట అని అక్కడ వాకింగ్ చేస్తున్న ఒకాయన చెప్పాడు. మళ్లీ ఎప్పుడని మా కోచ్ సార్ వెళ్లి అడిగితే కబురు చేస్తామన్నారు. ఆ కబురు రాలేదు.

అప్పుడు నాకు 17 ఏళ్లు. లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్‌గా ఆడేవాణ్ని. ఆ సీజన్‌కి మా బస్తీ నుంచి 18 మందిమి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాం. మళ్లీ లీగ్ మొదలవుతోందని తెలిసేసరికి మాలో ఆడేవాళ్లు ఏడుగురు మిగిలారు. ఒకడు మొబైల్ షాపులో చేరాడు. ఇద్దరు చదువుకని వేరే ఊరు వెళ్లారు. మా గోల్‌కీపర్ మోకాలి నొప్పి తగ్గినా తిరిగి రాలేదు. ఫుట్‌బాల్ మానేస్తున్నానని చెప్పి మానినవాడు ఒక్కడూ లేడు. ఆదివారాలు ఖాళీ అయ్యేసరికి వాటిలోకి వేరే పనులు వచ్చి చేరాయి, అంతే.

హైదరాబాద్ ఫుట్‌బాల్ గురించి ఎక్కడ మాట వచ్చినా రెండు మాటలు తప్పకుండా వింటాను. ‘ఆ రోజులే వేరు, కోచ్ రహీమ్ సాబ్ లాంటి మనిషి మళ్లీ పుట్టడు’ అనేది ఒకటి. ‘ఒక పెద్ద క్లబ్బు, ఒక పెద్ద స్టేడియం వస్తే అన్నీ సర్దుకుంటాయి’ అనేది రెండోది. ఈ రెండింటితోనూ నాకు పేచీ ఉంది. మనం పోగొట్టుకున్నది ఒక మనిషినీ కాదు, ఒక క్లబ్బునూ కాదు. ఏటా ఒకే నెలలో మొదలై, అనుకున్న రోజుకు ముగిసే లీగును పోగొట్టుకున్నాం. ఎ-డివిజన్ సంగతి కాదు నేను చెప్పేది. అట్టడుగు డివిజన్‌లో ఆఖరి స్థానంలో ఉన్న టీముకు వచ్చే ఆదివారం మ్యాచ్ ఉందా లేదా అన్నదే నా లెక్కలో ఒక ఊరి ఫుట్‌బాల్‌కి కొలమానం.

ఆ రోజుల గొప్పతనాన్ని తక్కువ చేయడం లేదు. తెలియని పిల్లలకు ఎన్నిసార్లయినా చెప్పాల్సిన చరిత్ర అది. హైదరాబాద్ సిటీ పోలీస్ టీమ్ 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు బొంబాయిలో రోవర్స్ కప్ గెలిచింది. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో మోహన్ బగాన్‌ను రీప్లేలో ఓడించింది. రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీని హైదరాబాద్ రాష్ట్ర జట్టు 1956-57లోను, 1957-58లోను గెలిచింది. ఆంధ్రప్రదేశ్ పేరుతో 1965-66లో ఇంకోసారి వచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిందంటే అందులో తులసీదాస్ బలరామ్, నూర్ మహమ్మద్, అహ్మద్ హుస్సేన్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ లాంటి మన ఊరివాళ్ల చెమట ఉంది.

ఈ కథ చెప్పేటప్పుడు అందరూ సయ్యద్ అబ్దుల్ రహీమ్‌ను కోచ్‌గానే తలుచుకుంటారు. 1951 ఢిల్లీ ఏషియన్ గేమ్స్‌లో ఇరాన్ మీద 1-0తో బంగారం. 1962లో జకార్తాలో దక్షిణ కొరియా మీద 2-1తో మళ్లీ బంగారం, అదీ క్యాన్సర్ ఒంట్లో ఉండగా. మరుసటి ఏడాది జూన్‌లో ఆయన కన్నుమూశాడు. సినిమా తీయదగ్గ జీవితమే, తీశారు కూడా. నన్ను పట్టి లాగేది మాత్రం ఆయన జీవితంలో పెద్దగా ఎవరూ చెప్పుకోని ముక్క. 1943 నుంచి చనిపోయేదాకా, అంటే ఇరవై ఏళ్లు, ఆయన హైదరాబాద్ ఫుట్‌బాల్ అసోసియేషన్ కార్యదర్శి. వృత్తికి బడిపంతులు. హాజరు పట్టీ, టైమ్‌టేబుల్, పరీక్ష తేదీ అనేవి ఒంటబట్టిన మనిషి.

కార్యదర్శి పని ఏమిటో దగ్గరగా చూసినవాళ్లకే తెలుసు. టీముల పేర్లు రాసుకోవడం, ఎవరు ఏ క్లబ్బుకి సంతకం పెట్టారో చూడడం, గ్రౌండ్ అడగడం, రిఫరీలను కుదర్చడం, గొడవ పడ్డ రెండు క్లబ్బులను కూర్చోబెట్టి మాట్లాడడం, వాన పడితే ఆ మ్యాచ్‌ను ఏ బుధవారం పెట్టాలో చూసుకోవడం. ఒకటే కాలు వాడకుండా ఉండడానికి బలహీనమైన కాలితో మాత్రమే ఆడాల్సిన పోటీలు, బంతిని పట్టుకుని ఊరేగకుండా ఉండడానికి డ్రిబ్లింగ్ లేని పోటీలు ఆయన పెట్టించాడని చెబుతారు. వాటిని కోచ్ బుర్రలోంచి పుట్టిన ఎత్తుగడలుగా అందరూ మెచ్చుకుంటారు. ఆలోచన ఎవరికైనా రావచ్చు. పోటీ పెట్టాలంటే మాత్రం టీములు కావాలి, తేదీలు కావాలి, గ్రౌండ్ చేతిలో ఉండాలి. అవన్నీ కార్యదర్శి దగ్గరే ఉంటాయి. కోచ్ రహీమ్ కలగన్నదాన్ని కార్యదర్శి రహీమ్ ఫిక్స్చర్‌లో పెట్టగలిగాడు. ఈ రెండో రహీమ్‌ను మనం మరిచిపోయాం. కోచింగ్ మేధావి మళ్లీ పుట్టకపోవచ్చు. తేదీ తప్పని కార్యదర్శిని మాత్రం మనం తయారు చేసుకోవచ్చు. ‘అలాంటి మనిషి మళ్లీ పుట్టడు’ అని చేతులు దులుపుకోవడం నాకు నచ్చనిది అందుకే.

బలరామ్ సంగతి ఒకటి చెప్పాలి. సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. ప్రాక్టీసుకు నగరంలోకి రావడానికి డబ్బుల్లేవంటే సైకిల్ అద్దెకు రహీమ్ సాబ్ రోజుకో రూపాయి ఇచ్చేవాడట. ఈ కథ విన్నవాళ్లందరికీ గురువుగారి దయ కనిపిస్తుంది. నాకు దాంతోపాటు ఇంకోటి కనిపిస్తుంది. ఆ సైకిల్ తొక్కుకుంటూ వచ్చిన కుర్రాడికి ఇక్కడ ఒక ప్రాక్టీసు ఉంది, దాని తర్వాత ఒక మ్యాచ్ ఉంది. ఇవాళ ఆ రూపాయి ఇవ్వడానికి మనసున్నవాళ్లు చాలామంది ఉన్నారు. పిల్లవాడు సైకిల్ దిగాక ఏ మ్యాచ్ ఆడాలన్నదే తేలడం లేదు.

‘లీగే ఎందుకు, టోర్నమెంట్లు బోలెడు జరుగుతున్నాయిగా’ అని మొన్న ఒక మిత్రుడు అన్నాడు. జరుగుతున్నాయి, నిజమే. సెలవుల్లో, పండగలకు, ఎవరి జ్ఞాపకార్థమో కప్పు పెడతారు. లైట్లు, మైకు, ప్రైజ్ మనీ, అంతా సందడి. కానీ 16 టీములతో నాకౌట్ పెడితే మొత్తం జరిగేది 15 మ్యాచ్‌లు. మొదటి రోజే 8 టీములు ఇంటికి పోతాయి. నాలుగు మ్యాచ్‌లు ఆడేది ఫైనల్‌కి వచ్చిన ఇద్దరే. బాగా ఆడేవాళ్లకే ఎక్కువ మ్యాచ్‌లు, నేర్చుకోవాల్సినవాళ్లకు ఒక్కటి. లీగ్‌లో అలా కాదు. 10 టీములుంటే 45 మ్యాచ్‌లు, ఆఖరి టీముకూ 9 మ్యాచ్‌లే, మొదటి టీముకూ 9 మ్యాచ్‌లే. ఇంటా బయటా రెండేసి సార్లు ఆడితే 90, ఒక్కొక్కరికి 18. నా మొదటి లీగ్ మ్యాచ్‌లో నేను వదిలేసిన అవతలి వింగర్ (అంచు వెంట దాడి చేసే ఆటగాడు) రెండు గోల్స్ కొట్టాడు. వారమంతా నిద్ర పట్టలేదు. కానీ తర్వాతి ఆదివారం మ్యాచ్ ఉంది, అక్కడ కొంచెం దిద్దుకున్నాను. మూడో వారానికి ఎప్పుడు ముందుకు వెళ్లాలో, ఎప్పుడు ఆగాలో కాస్త తెలిసింది. నాకౌట్ అయ్యుంటే ఆ మొదటి రోజుతోనే నా ఆట ముగిసేది.

ఫిక్స్చర్ వేయడం బ్రహ్మవిద్య కూడా కాదు. ఒక టీమును కదలకుండా ఉంచి, మిగతా 9 టీములను చుట్టూ పేర్చి, వారానికో స్థానం చొప్పున గడియారం ముల్లు తిరిగినట్టు జరుపుకుంటూ పోతే 9 వారాల్లో అందరూ అందరితో ఆడేస్తారు. టీములు బేసి సంఖ్యలో ఉంటే వారానికొకరికి విశ్రాంతి వస్తుంది. ఒక కాగితం, ఒక పెన్సిల్ చాలు. కష్టమంతా ఆ కాగితానికి కట్టుబడి ఉండడంలోనే.

కట్టుబడి ఉండకపోతే ఏమవుతుందో వాకోవర్లలో, అంటే ఒక టీము రాక అవతలివాళ్లకు ఆడకుండానే వచ్చే గెలుపుల్లో తెలుస్తుంది. అమెచ్యూర్ లీగులకు పట్టే అతి పెద్ద జబ్బు ఇదే అని నా నమ్మకం. మన దగ్గర ఆటగాడికి జీతం లేదు. ఒకడికి నైట్ డ్యూటీ, ఒకడికి సప్లిమెంటరీ పరీక్ష, ఒకడి చెల్లెలి పెళ్లిచూపులు. గ్రౌండ్ మారిందని శనివారం రాత్రి పదింటికి ఫోన్ వస్తే పొద్దున ఏడింటికి 11 మందిని పోగెయ్యడం ఎవరి తరం? టీమ్ రాదు, అవతలివాళ్లకు 3-0 రాసేస్తారు. పట్టికలో అది గెలుపు. కానీ రెండు బస్సులు మారి వచ్చి, స్టడ్స్ కట్టుకుని, వార్మప్ చేసి నిలబడ్డ 11 మందికి ఆ రోజు ఫుట్‌బాల్ లేదు. రెండు మూడు వారాలు అలా జరిగితే వాళ్లూ రావడం మానేస్తారు. పక్క టీము ఇచ్చిన వాకోవర్ల వల్ల మూతపడ్డ టీములను నేను చూశాను. తేదీ నెల ముందే తెలిస్తే నైట్ డ్యూటీ మార్చుకోవచ్చు, పెళ్లిచూపులు శనివారానికి జరుపుకోవచ్చు. అప్పటికీ రాకపోతే కఠినంగా ఉండాల్సిందే. రెండు వాకోవర్లు ఇచ్చిన టీమును కింది డివిజన్‌కి దింపాలి, ఎంత పేరున్న క్లబ్బయినా సరే.

మన లీగ్ నిర్మాణం కాగితం మీద చక్కగానే ఉంది. కింద సి-డివిజన్, దాని పైన బి, పైన ఎ. ఎ-డివిజన్‌కి రహీమ్ సాబ్ పేరే పెట్టుకున్నాం, రహీమ్ లీగ్ అంటాం. 2014లో తెలంగాణ ఏర్పడ్డాక ఇది తెలంగాణ ఫుట్‌బాల్ అసోసియేషన్ కిందికి వచ్చింది. దేశం మొత్తంలో చూస్తే 2023లో ఐ-లీగ్ 3 మొదలైంది, అందులోకి రాష్ట్రాల నుంచి క్లబ్బులు వెళ్తాయి. దాని పైన ఐ-లీగ్ 2, ఆపైన ఐ-లీగ్. ఐ-లీగ్ గెలిచినవాళ్లకు అన్నిటికన్నా పైనున్న ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్)లోకి దారి కూడా తెరిచారు; 2023లో పంజాబ్, 2024లో మహమ్మడన్ స్పోర్టింగ్ అలా పైకి వెళ్లాయి. అంటే మా బస్తీ టీముకు సి-డివిజన్ నుంచి దేశంలో అన్నిటికన్నా పైన ఉన్న లీగ్ దాకా 6 మెట్లు. ఎక్కగలమా అన్నది వేరే మాట. మెట్లు ఉన్నాయని 15 ఏళ్ల కుర్రాడికి తెలియడమే పెద్ద సంగతి. అయితే కింది మెట్టు ఒక ఏడాది ఉండి ఇంకో ఏడాది లేకపోతే పైన ఎన్ని మెట్లు కట్టి ఏం లాభం?

పెద్ద క్లబ్బు రావాలనేవాళ్లకు ఇప్పుడు జవాబు చెప్పడం తేలికైంది. వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్ మీద పెనాల్టీ షూటవుట్‌లో గెలిచి ఐఎస్ఎల్ కప్పు తెచ్చింది. గోల్‌కీపర్ కట్టిమణి ఆపిన ఒక్కో పెనాల్టీకి మా వీధిలో అరిచిన అరుపులు నాకింకా గుర్తున్నాయి. నేను కూడా అరిచాను, కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మూడేళ్లు తిరిగేసరికి, 2025లో, ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయింది, పేరు కూడా మారిపోయింది. ఆ ఆటగాళ్లను, ఆ అభిమానులను నేను తప్పుపట్టడం లేదు. పైనుంచి తెచ్చి నాటింది పైనుంచే పెకలించుకుపోవచ్చు అంటున్నాను. బస్తీ లీగును ఎవరూ వేరే ఊరికి మార్చలేరు.

మన ఊరి ఇంకో క్లబ్బు శ్రీనిది డెక్కన్ 2022-23లో, 2023-24లో ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. అజీజ్‌నగర్‌లో మంచి గ్రౌండ్ ఉంది. అలాంటి క్లబ్బుకైనా ఏటా మన ఊరి కుర్రాళ్లు కావాలంటే వాళ్లను వెతకాల్సిన చోటు బి-డివిజన్, సి-డివిజన్ మ్యాచ్‌లే. ట్రయల్స్‌లో ఒక పూట చూసి ఎవరి సత్తా ఏమిటో తేల్చడం కష్టం. 15 మ్యాచ్‌లు ఆడినవాడి సంగతి పాయింట్ల పట్టిక, రిఫరీలు, అవతలి టీముల కోచ్‌లు చెప్పేస్తారు.

2024 డిసెంబర్ 31న గచ్చిబౌలిలో సంతోష్ ట్రోఫీ ఫైనల్ జరిగింది. మన ఊళ్లో ఫైనల్, ఆడింది బెంగాల్, కేరళ. బెంగాల్ 1-0తో గెలిచింది, అది వాళ్లకు 33వ టైటిల్. మన తెలంగాణ క్వార్టర్ ఫైనల్ దాకా కూడా రాలేదు. నేను గ్యాలరీలో కూర్చుని ఆలోచించింది ఒకటే. కలకత్తా లీగ్ 1898లో మొదలైంది. దానికీ గొడవలు, ఆగిపోవడాలు, కోర్టు కేసులు అన్నీ ఉన్నాయి, అయినా అక్కడ లీగ్ అంటే ఊరు ఊరంతా మాట్లాడుకునే విషయం. మనవాళ్లు అక్కడికే వెళ్లి పేరు తెచ్చుకున్నారు. బలరామ్ 1957లో ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకి వెళ్లాడు. తర్వాత నయీముద్దీన్, హబీబ్, అక్బర్, షబ్బీర్ అలీ, విక్టర్ అమల్‌రాజ్. హబీబ్‌ను కలకత్తా ‘బడే మియా’ అని నెత్తిన పెట్టుకుంది. డబ్బు కోసం వెళ్లారని ఇక్కడ కొందరు తేలిగ్గా అంటారు. డబ్బూ ఒక కారణమే. ప్రతి వారం పట్టుదలగా ఆడే మ్యాచ్, దానికి వచ్చే జనం, మర్నాడు పేపర్లో స్కోరు, ఇవీ కారణాలే. ఆటగాడు ఆట ఉన్న చోటికే వెళ్తాడు.

ఇక్కడ ఒక విషయం ఒప్పుకోవాలి. పాత లీగ్ ఉత్త ప్రేమతో నడవలేదు. వెనక ఉద్యోగం ఉండేది. పోలీసు, రైల్వే, బ్యాంకులు, ఫ్యాక్టరీలు, సికింద్రాబాద్ ఆర్మీ సెంటర్లు తమ తమ టీములు పెట్టుకున్నాయి. ఆటకు జీతం లేదు, ఉద్యోగానికి జీతం ఉంది. బాగా ఆడే కుర్రాడి ఇంట్లో ‘బంతి తంతే అన్నం వస్తుందా’ అని అడిగితే, కానిస్టేబుల్‌గానో క్లర్కుగానో చేరిన పక్కింటి అన్నను చూపించి నోరు మూయించగలిగేవాడు. స్పోర్ట్స్ కోటా ఖాళీలు తగ్గాక ఆ జవాబు లేకుండా పోయింది. లీగ్ సక్రమంగా నడిస్తే ఉద్యోగాలు తిరిగి వస్తాయని నేను చెప్పలేను. కానీ ఉన్న కొద్దిపాటి కోటాకు కూడా సర్టిఫికెట్ కావాలి, సర్టిఫికెట్‌కి సీజన్ జరగాలి. జరగని లీగ్ పిల్లవాడికి ఆ కాగితం ముక్క కూడా దక్కనివ్వదు.

క్రికెట్ మింగేసిందనేవాళ్లకు ఒకే మాట. హైదరాబాద్ క్రికెట్‌కీ డివిజన్లున్నాయి, లీగ్ ఉంది. ఊళ్లో ఏ అకాడమీకి వెళ్లినా తల్లిదండ్రులు ముందు అడిగేది మా అబ్బాయికి లీగ్ మ్యాచ్‌లు దొరుకుతాయా అనే. టీవీ వల్లే క్రికెట్ గెలిచిందనుకోవడం సగం నిజం. మిగతా సగం ఆ లీగ్ మ్యాచ్‌లదే.

అమ్మాయిల విషయంలో ఈ బాధ రెట్టింపు. నిజామాబాద్ దగ్గర తండాలో పుట్టిన గుగులోత్ సౌమ్య దేశానికి ఆడింది, 2022లో క్రొయేషియాలో డైనమో జాగ్రెబ్‌కి వెళ్లింది, 2024-25కి ఏఐఎఫ్ఎఫ్ (అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య) ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. ఆమెను చూసి బూట్లు కొనిపించుకున్న పిల్లలు నాకు తెలుసు. వాళ్లు వారం వారం ఎవరితో ఆడాలి? అబ్బాయిలతో ప్రాక్టీసు చేసుకుని, ఏడాదికోసారి జరిగే పోటీకి జిల్లా జట్టు ఎంపిక ఎప్పుడా అని ఎదురుచూడాలి. నాలుగు టీములున్నా సరే, అమ్మాయిలకు లీగ్ మొదలుపెట్టాలి. నాలుగు టీములు రెండేసి సార్లు ఆడితే ఒక్కొక్కరికి 6 మ్యాచ్‌లు. సున్నా కన్నా 6 ఎంత పెద్దదో ఆ పిల్లలను అడగండి.

ఇదంతా ఎవరో చేయాలని రాసి ఊరుకోవడం నాకు ఇష్టం లేదు. కిందటి చలికాలం మేం కొంతమంది పాత ఆటగాళ్లం కలిసి అండర్-13 పిల్లలకు 6 బస్తీల లీగ్ పెట్టాం. 15 మ్యాచ్‌లు, 5 ఆదివారాలు, ఒక్కో ఆదివారం 3 మ్యాచ్‌లు. స్కూల్ గ్రౌండ్ ఒకటి అడిగి తీసుకున్నాం. బంతులు, సున్నం, రిఫరీ ఖర్చు తలా కొంత వేసుకున్నాం. కప్పు కొనలేదు, ఆ డబ్బుతో షిన్ ప్యాడ్లు కొన్నాం. ఐదు తేదీలనూ మొదటి రోజే అట్టముక్క మీద పెద్ద అక్షరాలతో రాసి గేటుకు కట్టాం. రెండో ఆదివారం వాన పడింది. ఆ మూడు మ్యాచ్‌లూ సంక్రాంతి సెలవుల్లో పెట్టి ఆడించాం.

అందులో ఒక టీము మొదటి నాలుగు మ్యాచ్‌లూ ఓడిపోయింది. ఒక్క గోల్ కొట్టలేదు. ఐదో ఆదివారం వాళ్లు రారేమోనని నాకు రాత్రంతా టెన్షన్. పొద్దున ఆరుంబావుకి తాళంచెవి పట్టుకుని వెళ్తే గేటు బయట 13 మంది నిలబడి ఉన్నారు, అందరికీ కిట్లు వేసి ఉన్నాయి. వాళ్ల గోల్‌కీపర్ అట్టముక్క మీద తేదీని వేలితో చూపించి, ‘అన్నా, మా మ్యాచ్ ఫస్టా సెకండా?’ అని అడిగాడు.